గుండ్లకమ్మ ముందు పదిహేను నెలలు

క్లౌ దొర ఆ రోజు ఒక్కరికి కూడా తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు.

1878 జులై 3. ఒంగోలుకు పది మైళ్ల దూరంలో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏరు. నడుం లోతు నీళ్లలో ఇద్దరు బోధకులు. ఒడ్డున జాబితా చూసి పేర్లు పిలుస్తున్నారు. పిలిచిన మనిషి దిగుతాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామం చెప్పి బోధకుడు ముంచి లేపుతాడు. అతను గట్టెక్కేలోపే ఇంకో పేరు. ఈ ఇద్దరూ అలసిపోతే మరో ఇద్దరు దిగుతారు. మొత్తం బోధకులు ఆరుగురు. తెల్లవారి మొదలుపెట్టి, ఎండ ముదిరాక కాసేపు ఆపి, మధ్యాహ్నం మళ్లీ అందుకున్నారు. పొద్దుగూకేసరికి లెక్క 2,222.

ఈ అంకె దగ్గరే కథ ఆపేవాళ్లు చాలామంది. అసలు కథ అంతకు ముందు గడిచిన పదిహేను నెలల్లో ఉంది.

1876లో వానలు మొహం చాటేశాయి. పెద్దవాళ్లు ధాత కరువని చెప్పుకునేది దాన్నే. కరువు పనుల కింద సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు. దొరకు సర్వే పని తెలుసు. బోధకులే మేస్త్రీలయ్యారు. తట్టలు దించి సేద తీరే వేళ కూలీలు వాళ్ల చుట్టూ చేరి యేసు సంగతులు వినేవాళ్లు. అందులో ఎక్కువమంది మాదిగలు. నమ్మాం, బాప్తిస్మం ఇవ్వమన్నారు. దొర ఇవ్వనన్నాడు, పదిహేను నెలలు ఆపాడు. కూలి డబ్బు తన చేతిమీదుగా పోతుండగా ముంచితే, గంజికి మతం అమ్ముకున్నారన్న నింద వాళ్లను బతికినంత కాలం వదలదు.

అలా ఆపడానికి అతని సిద్ధాంతమే అతనికి ధైర్యం. బాప్టిస్టుల దృష్టిలో మనిషిని రక్షించేది మారుమనస్సు, విశ్వాసం. నీళ్లు దానికి నలుగురిలో ఇచ్చే సాక్ష్యం. యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగ ఏ ఏట్లోనూ మునగలేదు, అయినా పరదైసు మాట పొందాడు. ఊహ తెలియని బిడ్డ సాక్ష్యం చెప్పలేదు కనుక వీళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. పక్కనే గుంటూరులో లూథరన్లు ఇస్తారు. వాళ్లకూ కతోలికులకూ దేవుని కృప ఆ నీళ్ల ద్వారా పనిచేస్తుంది. క్లౌ కతోలిక గురువై ఉంటే, చావుబతుకుల్లో ఉండి అడుగుతున్న మనిషి నెత్తిన నీళ్లు పోయకుండా అన్ని నెలలు ఉండగలిగేవాడా? నాకు నమ్మకం లేదు. విశ్వసించి, మునగకుండానే ఆ కరువుకు రాలిపోయినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల రక్షణకు లోటు లేదన్నది దొర వేదాంతం.

జనానికి అది చాల్లేదు. కరువు సాయానికి తన దగ్గరున్న డబ్బు అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదు, ఇళ్లకు వెళ్లమని దొర చెప్పాడు. వాళ్లు కదల్లేదు. మేం సాయం అడగట్లేదు, చేతుల బొబ్బలు చూడు, పనిచేసి బతికాం, ఈసారి పంట కూడా పోతే చస్తాం, చచ్చేది క్రైస్తవులుగా చావనివ్వు అన్నారని అతనే ఆత్మకథలో చెప్పుకున్నాడు. వేదాంతం చదివినవాడి దగ్గర ఆ మాటకు జవాబు లేకపోయింది.

ఏ ఊరివాళ్లను ఆ ఊళ్లో తిరిగే బోధకుడి దగ్గర కూర్చోబెట్టి ప్రశ్నలడిగించాడు. పేర్లు రాయించాడు. జులై 2న 614 మంది, మర్నాడు 2,222, నాలుగో తేదీన 700. బాప్టిస్టులకు ఇందులో ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. పెంతెకొస్తు నాడు మూడు వేలమందిని ఒక్క రోజులో ముంచడం అసాధ్యం, కాబట్టి అపొస్తలులు చిలకరించే ఉంటారని వాదించేవాళ్లకు ఇక గుండ్లకమ్మ లెక్క చూపిస్తే సరి. నీళ్లలో ఇద్దరే ఉండగా, తొందరపాటు లేకుండా ఇంతమంది అయ్యారు. అక్కడ అపొస్తలులు పన్నెండుమంది!

సిద్ధాంతం ప్రకారం అప్పటికే రక్షణ పొందినవాళ్లు నీళ్ల కోసం అంత పట్టు ఎందుకు పట్టారు? లోపల నమ్మితే పల్లెలో ఎవరికీ కనపడదు, ఎవరికీ అభ్యంతరమూ ఉండదు. ఏట్లో మునిగొస్తే మాత్రం ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహానికి మొక్కకూడదు. క్లౌ పెట్టిన షరతులివి. అమ్మవారి ముందు వాళ్లు కొట్టే డప్పు కూడా ఆగిపోతుంది. డప్పు ఆగితే జాతర ఆగుతుంది, ఊరి పెద్దలకు కోపం వస్తుంది, కూలి పోతుంది. పైగా, వీళ్లు ముట్టుకుంటే నీళ్లు మైలపడతాయన్న ఊళ్లవి. అలాంటి చోట పేరుపెట్టి పిలిచి, చెయ్యి పట్టుకుని ఏట్లోకి దించారు. ఇది కేవలం గుర్తు మాత్రమేనని వాళ్లకు ఎవరు చెప్పినా ఎక్కేది కాదు. గుర్తో, రక్షణో, దాని ఖరీదు కట్టబోయేది వాళ్లే.

డిసెంబరు ఆఖరుకు లెక్క 9,606కు చేరింది. గంజి కోసం వచ్చారన్న అనుమానం అప్పుడూ పోలేదు. గంజి అప్పటికే ఆగిపోయింది. డప్పు పట్టుకుని రమ్మనే కబుర్లు మాత్రం వస్తూనే ఉన్నాయి.