తాటితోపు చెప్పిన చరిత్ర

ద్రాక్షతోట, దాని నడుమ చిన్న యిల్లు, ఇంటివారే పండ్లు కోసి మద్యము చేసి అతిథులకు రుచి చూపుట: ఇట్టి వర్ణనలను ఫ్రాన్సు, ఇటలీ దేశముల యాత్రా రచనలలో చదువుచుందుము. మన పల్లెలలో అట్టి కుటుంబవృత్తి యేదియని విచారించినచో, సమాధానము పందిరి క్రింద గాక తాటిచెట్టు మీద దొరకును. ఈ వేసవిలో సత్తెనపల్లికి పోయినప్పుడు, ఆ సమీపమున ఒక గీతకారుని తోపును మేము చూచివచ్చితిమి.

తెల్లవారుజామున చేరితిమి. పొలము గట్ల వెంట తాళ్లు బారులు తీరి యుండెను. అరువది దాటిన యజమాని నడుమునకు మోకు చుట్టుకొని, కాళ్లకు బందము వేసికొని, మేము మాట ముగించులోపలనే చెట్టు మొవ్వు చేరెను. గెల కొనను పలుచగా చెక్కి, నిండిన కుండను దించి, వేరొకటి కట్టెను. ఈ చెక్కుట ఒకనాడు మానినను గాయము ఎండి ధార నిలిచిపోవును. కావున గీతకారునకు పండుగ లేదు, సెలవు లేదు.

కుండ లోపల సున్నము పూసినచో రసము పులియక తియ్యగా నుండును. అదియే నీరా, దానిని కాచినచో తాటిబెల్లము. సున్నము లేనిచో గాలిలోని, కుండలోని సూక్ష్మజీవులు చక్కెరను పట్టుకొని కొన్ని గంటలలోనే కల్లుగా మార్చును. ఒకే చెట్టు, ఒకే రసము. నడుమ నున్నది పిడికెడు సున్నము. ఈ పిడికెడు సున్నము చుట్టును మన రాజకీయములు ఎంతకాలము తిరిగినవో తలచుకొనిన ఆశ్చర్యము కలుగును.

చెన్నరాజధానిలో 1886 నాటి అబ్కారీ చట్టముతో కల్లు, సారాయిలపై సర్కారు పట్టు బిగిసెను. చెట్టుకింతయని పన్ను, దుకాణమునకు వేలము ఏర్పడెను. పన్ను కట్టువాడు గీతకారుడు; లాభము పొందువారు పాటదారు, ప్రభుత్వము. అందుచేతనే 1921 నాటి సహాయనిరాకరణములో కల్లు దుకాణముల ముందు పికెటింగు జరుగుట, త్రాగుడుపై పోరాటమే గాక పరప్రభుత్వ బొక్కసముపై దెబ్బ కూడ నయ్యెను.

1937 అక్టోబరులో రాజాజీ మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధము నారంభించెను. మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలకు అది వ్యాపించెను. 1948 నాటికి రాజధాని అంతట అమలయ్యెను. గాంధీజీ ప్రేరణతో 1934లో వెలసిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము తాటిబెల్లమును ప్రోత్సహించియుండెను. గీతకారునకు అది ప్రత్యామ్నాయము కావలెనని ఆశ. కాని రసమును కాచుటకు వంటచెరకు కావలెను, బెల్లమునకు అంగడి కావలెను. చెట్టెక్కు నేర్పు ఒక్కటియే చాలదు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. మద్యనిషేధమును పరిశీలించిన రామమూర్తి సంఘము దానిని తొలగింపుమని సూచించెను. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము అంగీకరింపలేదు. గౌతు లచ్చన్నగారు గీతకారుల పక్షమున సత్యాగ్రహము నడపిరి. 1954 నవంబరులో శాసనసభలో ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గము పడిపోయెను. తుపాకికి రొమ్ము చూపిన ఆంధ్రకేసరి ప్రభుత్వము తాటిచెట్టు నీడలో ఒరిగెనని చెప్పిన అతిశయోక్తి కాదు.

అటుపిమ్మట నిషేధము సడలెను; 1968లో క్రొత్త ఎక్సైజు చట్టము వచ్చెను. సారాయి పల్లె పల్లెకు ప్రాకెను. 1990 దశకారంభమున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తిరుగబడిరి. 1993 అక్టోబరులో సారాయిని నిషేధించిరి. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము మద్యనిషేధమును తెచ్చెను. 1997లో అది సడలిపోయెను. సత్తెనపల్లి నుండి నాలుగు పర్యాయములు శాసనసభకు ఎన్నికైన వావిలాల గోపాలకృష్ణయ్యగారు మద్యనిషేధమునకు పాటుపడినవారిలో ఒకరు. ఆయన ఊరికి చేరువలోనే ఈ తోపు నిలిచియుండుట చరిత్రలోని చమత్కారము.

ఈ కథనంతయు మేము ముచ్చటించుచుండగా గీతకారుని భార్య ముంజలు కొట్టి ఆకులో పెట్టెను. “మీరేమందురమ్మా, నిషేధము మంచిదేనా?” అని అడిగితిమి. ఆమె కొంచెము సేపు మాటాడలేదు.

“కల్లమ్మే పిల్లల్ని చదివించాం బాబూ, అబద్ధం ఎందుకు? కానీ తాగి ఇంటికొచ్చే మొగుడు ఏ ఆడదానికీ వద్దు. రెండూ నిజమే.”

శాసనసభలో ఒక్క ఓటుతో తేలిన వివాదమును ఆమె రెండు మాటలలో తేల్చక విడిచెను. తేల్చకుండుటయే న్యాయమని మాకు తోచినది.

వృద్ధుడు మోకు చుట్టి కొట్టమున తగిలించుచు, “మా వాడు పట్నంలో పనిచేస్తున్నాడు బాబుగారూ. చెట్టెక్కమని నేనూ అనలేదు. జారితే ఎవరు దిక్కు?” అనెను.

తాటిచెట్టు పూతకు వచ్చుటకు పండ్రెండేండ్లకు పైగా పట్టును. నాటినవాని కంటె వాని బిడ్డలకే అది ఫలించును. ఆ బిడ్డలు ఎక్కుట మానిరి. చట్టములు చేయలేని పనిని కాలము మెల్లగా చేయుచున్నది. అయినను సున్నము పూసిన కుండలోని తీపికి నమ్మకమైన అంగడియు, జారిపడిన వాని యింటికి ఆదరువును చూపగలిగినచో, ఆ మోకు మరికొంతకాలము కొయ్యకు వ్రేలాడక చెట్టునకే చుట్టుకొనియుండును.