రీస్లింగ్ ట్రైల్

దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలో, ఎడిలైడ్ నగరానికి ఉత్తరంగా దాదాపు 130 కిలోమీటర్ల దూరాన ఉన్న క్లేర్ వ్యాలీలో ద్రాక్షతోటల నడుమ సాగే కంకర బాట రీస్లింగ్ ట్రైల్. ఆబర్న్ నుంచి క్లేర్ పట్టణం దాకా సుమారు 25 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఉత్తరాన బారినియా వరకు పొడిగించిన భాగాన్ని కలిపితే 30 దాటుతుంది. సైకిళ్లు, పాదచారులే తప్ప మోటారు వాహనాలకు దీనిమీద ప్రవేశం లేదు. ఆ ప్రాంతానికి కీర్తి తెచ్చిన తెల్ల ద్రాక్ష పేరే బాటకూ పెట్టారు కాబట్టి పర్యాటకులకు దీన్ని వైన్ బాటగా పరిచయం చేయడం సహజమే. అయితే కొండల మధ్య, కార్ల బెడద లేకుండా, మామూలు ఒంటిసత్తువ ఉన్న మనిషి తీరిగ్గా సైకిల్ తొక్కుకుంటూ పోగలగడం వైన్ పుణ్యం కాదు. ఆవిరి ఇంజను కోసం ఒకప్పుడు వేసిన రైలుకట్ట ఇక్కడ ఉండడం, పట్టాలు పోయాక కూడా ఆ కట్ట ముక్కలు కాకుండా నిలవడం: ఈ రెండింటి వల్లే అది సాధ్యమైంది.

క్లేర్ వ్యాలీ నిజానికి ఒక్క లోయ కాదు. ఉత్తర దక్షిణాలుగా పరుచుకున్న గుట్టల వరుసలు, వాటి మధ్య సన్నని పల్లాలు, సముద్రమట్టానికి సుమారు 300 నుంచి 500 మీటర్ల ఎత్తున తోటలు. పగళ్లు ఎంత వేడిగా ఉన్నా రాత్రుళ్లు చల్లబడతాయి. పులుపు చావకుండా రీస్లింగ్ పండడానికి ఆ చల్లదనమే ఆధారం. ఇది ఎన్గజురి ఆదివాసుల నేల. 1839లో జాన్ హారక్స్ అనే ఆంగ్లేయుడు పెన్‌వర్దమ్ దగ్గర స్థిరపడ్డాడు. అన్వేషణ యాత్రకు వెళ్లి, సొంత ఒంటె కదలడంతో తుపాకీ పేలి, ఆ గాయంతో 1846లో చనిపోయిన విచిత్రమైన చరిత్ర అతనిది. 1845లో బర్రా దగ్గర రాగి బయటపడింది. ఆ ఖనిజాన్ని పోర్ట్ వేక్‌ఫీల్డ్ రేవుకు మోసే ఎద్దుల బండ్ల మజిలీగా ఆబర్న్ ఎదిగింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన జెసూట్ సన్యాసులు 1851లో సెవెన్‌హిల్ వద్ద పూజకు కావలసిన వైన్ కోసం ద్రాక్ష నాటారు. లోయలో మొదటి వైనరీ అదే. రైలు మాత్రం చాలా ఆలస్యంగా, 1918లో, క్లేర్‌కు చేరింది. ఊళ్లు ముందు పుట్టి వాటిని వెతుక్కుంటూ రైలు రావడం సైకిలిస్టుకు కలిసొచ్చింది. ఆబర్న్, లీసింగమ్, వాటర్‌వేల్, పెన్‌వర్దమ్, సెవెన్‌హిల్, క్లేర్ వరసగా కొద్ది కిలోమీటర్ల ఎడంలో దొరుకుతాయి.

రైలుకట్ట చేసిన మేలు ఎంతటిదో లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. బరువు లాగే ఇంజను 100 మీటర్ల దూరానికి ఒకటి రెండు మీటర్లకు మించి ఎక్కాలంటే అవస్థ పడుతుంది. అందుకే ఇంజనీర్లు గుట్టను తవ్వి కోత తీశారు, పల్లం వచ్చినచోట మట్టి పోసి కట్ట లేపారు, రెండూ కుదరనిచోట దారిని మెల్లగా వంపు తిప్పారు. సైకిలూ మనిషీ కలిసి 90 కిలోల బరువనుకుందాం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో 2 శాతం వాలు ఎక్కేటప్పుడు భూమ్యాకర్షణను ఎదిరించడానికే సుమారు 75 వాట్ల శక్తి కావాలి. అదే వేగంతో 8 శాతం వాలు ఎక్కాలంటే 300 వాట్లు. మొదటిది బజారుకు సైకిల్ మీద వెళ్లివచ్చే మనిషికి చేతనయ్యే పని, రెండోది సాధన చేసిన పందెగాడిది. ట్రైల్ ఆబర్న్ నుంచి నిదానంగా ఎక్కి, పెన్‌వర్దమ్, సెవెన్‌హిల్ పరిసరాల్లో శిఖరం చేరి, క్లేర్ వైపు అంతే నిదానంగా దిగుతుంది. ఎక్కుతున్నామని కాళ్లకు తెలుస్తుంది గాని ఊపిరి ఆడనంతగా కాదు.

రెండో కారణం భూమికి సంబంధించినది. వాలు సంగతి అందరూ గమనిస్తారు. ఈ భూమి సంగతిని ఎవరూ పట్టించుకోరు. 1983 ఫిబ్రవరి 16న ఆగ్నేయ ఆస్ట్రేలియాను కాల్చేసిన యాష్ వెన్స్‌డే కార్చిచ్చు క్లేర్ చుట్టుపక్కల కూడా పాకి రైలు మార్గాన్ని దెబ్బతీసింది. సరుకు అప్పటికే లారీలకు మళ్లింది కాబట్టి బాగుచేయించే ఉత్సాహం ఎవరికీ లేకపోయింది. రైళ్లు ఆగిపోయాయి. ఇలాంటి సమయంలో సాధారణంగా జరిగేది ఏమిటంటే, పక్క రైతులు తమ హద్దు వెంట ఉన్న ముక్క కొనుక్కుంటారు, వంతెన ఇనుము తుక్కు కింద పోతుంది, పదేళ్లలో కట్ట ఆనవాలు ఉండదు. బ్రిటన్‌లో రైలు మార్గాలను మూసేయమన్న 1963 బీచింగ్ నివేదిక తర్వాత మూతపడిన ఎన్నో మార్గాలకు ఇదే గతి పట్టింది. ఇప్పుడు అక్కడ సైకిల్ బాటలు వేయబోతే నడుమ ఎవరిదో ఇల్లో, కూలిన వంతెనో అడ్డు తగులుతోంది. అమెరికా ఈ ప్రమాదం గుర్తించి, వాడుకలో లేని రైలు భూమి చెక్కుచెదరకుండా బాటగా మిగలడానికి వీలు కల్పిస్తూ చట్టం సవరించింది. కాకతాళీయంగా అదీ 1983లోనే. క్లేర్‌లో కట్ట నిలిచింది. స్థానిక వైన్ తయారీదారులు, ఊరి స్వచ్ఛంద కార్యకర్తలు పూనుకోగా 1994లో మొదటి భాగం బాటగా తెరుచుకుంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో సెంట్రల్ రైల్ ట్రైల్ కథా ఇలాంటిదే. 1990లో రైలు ఆగింది, 2000లో మిడిల్‌మార్చ్ నుంచి క్లైడ్ దాకా సుమారు 150 కిలోమీటర్ల కంకర బాట వచ్చింది, దాని పశ్చిమ కొస సెంట్రల్ ఒటాగో ద్రాక్షతోటల్లోకి చేరుతుంది.

రైలు లేకుండానే ఇటలీలోని కియాంటీ ప్రాంతం సైకిల్ యాత్రలకు ప్రపంచ ప్రసిద్ధి పొందిందిగా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. టస్కనీ ద్రాక్షకొండల మధ్య తెల్లని కంకర రోడ్లకు తారు పూయకుండా కాపాడుకోవాలన్న తపనతో జాంకార్లో బ్రోచ్చి 1997లో గయోలె ఊరి నుంచి లెరోయికా యాత్ర మొదలుపెట్టాడు; 2007 నుంచి టస్కనీలో అలాంటి రోడ్ల మీదే వృత్తి సైకిలిస్టుల పందెం సాగుతోంది, దాని పేరే స్ట్రాదె బియాంకె, అంటే తెల్ల రోడ్లు. కానీ ఆ ఉదాహరణ నా వాదనకే బలం. అవి ఊరి జనం వాడుకునే రోడ్లు. కంకర కారు వేగాన్ని తగ్గిస్తుంది, కారును ఆపలేదు. పైగా ఎడ్లబండి కాలం నాటి ఆ దారులు గుట్టను తవ్వలేదు, నేల ఎలా ఉంటే అలా పైకెక్కాయి. అందుకే అవి పందెగాళ్లకు తీర్థస్థలమయ్యాయి, పదేళ్ల పిల్లలున్న కుటుంబానికి కాలేదు. కంకర ఒక్కటే ఉంటే చాలదు, కొండ ఒక్కటే ఉన్నా చాలదు.

ఇంత సులువైన దారిలో సైకిల్ తొక్కడంలో మజా ఏముందన్నది గట్టి సైకిలిస్టుల ఆక్షేపణ. రైలుకోత లోపల నుంచి పోతున్నప్పుడు ఇరువైపులా మట్టిగోడలే తప్ప తోటలు కనబడవన్న మాట కూడా నిజం. దీనికి జవాబు బాటలోనే ఉంది. హారక్స్, ఫాదర్ రొగాల్స్కీ, స్ప్రింగ్ గల్లీ పేర్లతో ప్రధాన బాట నుంచి విడిపోయి మళ్లీ దానికే వచ్చి కలిసే చుట్టుదారులు ఉన్నాయి. అక్కడ రైలు కట్టుబాట్లు లేవు, ఎక్కుడూ ఉంది, మామూలు రోడ్ల మీద వాహనాలూ ఉన్నాయి. కష్టం కావాలనుకునేవాడు కోరి తెచ్చుకోవచ్చు. వద్దనుకునేవాడికి తప్పించుకునే దారి ఉండాలి, అలాంటిదే ప్రపంచంలో అరుదు.

తారు వేస్తే సన్న టైర్లవాళ్లకూ, చక్రాల కుర్చీలవాళ్లకూ వీలు కదా అనే ప్రశ్న ఇంకా బరువైనది. ఎడిలైడ్‌కు దక్షిణాన మెక్‌లారెన్ వేల్‌లోని షిరాజ్ ట్రైల్ పాత విలుంగా రైలుమార్గం మీదే వెలిసింది, దానికి తారు వేశారు. అక్కడ అది సబబే: నగరం పక్కన ఉంది, రోజువారీ రాకపోకలకు పనికొస్తుంది. క్లేర్‌లో బాట మీద తిరిగేది ఎక్కువగా సెలవులకు వచ్చినవాళ్లు. చదునుగా అణగదొక్కిన సన్న కంకర మీద కాస్త వెడల్పాటి టైరున్న ఏ సైకిలైనా పోతుంది. గుంత పడితే ఊరివాళ్లే పార పట్టుకుని పూడ్చుకోగలరు, తారు పగిలితే గుత్తేదారు రావాలి. నునుపు తగ్గడం వల్ల వేగమూ తగ్గుతుంది కాబట్టి నడిచేవాళ్లకు నిశ్చింత. చక్రాల కుర్చీ విషయంలో మాత్రం ఈ సమర్థన నిలవదు. ఊళ్లకు దగ్గరి కొద్ది దూరమైనా గట్టి ఉపరితలం ఉంటే మేలు.

ఉమ్మడి భూమిని కొన్ని వైనరీల వ్యాపారానికి దారిగా మార్చారన్న విమర్శలో కొంత వాస్తవముంది. ఆబర్న్ పాత స్టేషన్ ఇప్పుడు మౌంట్ హారక్స్ వైనరీ వారి వైన్ రుచిచూపే గది. అయితే వైనరీ వాకిలి బాటకు ఆనుకుని ఉన్నంత మాత్రాన బాట వైనరీది అయిపోదు. రుసుము లేదు, గేటు లేదు, ఒక్క గుక్క తాగకుండా ఈ చివర నుంచి ఆ చివరకు పోవచ్చు. తాగి సైకిలెక్కడం ప్రమాదమే, కారు లేని బాట ఆ ప్రమాదాన్ని రద్దు చేయదు. అయినా అదే సందర్శకుడు పక్కనున్న హారక్స్ హైవే మీద కారు నడుపుకుంటూ తోట తోటకూ తిరగడంతో పోల్చి చూడాలి. ఇక ఎండాకాలంలో, ముఖ్యంగా కార్చిచ్చు హెచ్చరికలున్న రోజుల్లో, ఈ దారి పట్టకపోవడమే మంచిది. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు వాతావరణం అనుకూలం. దక్షిణంగా ఇదే పాత మార్గం మీద ఆబర్న్ నుంచి రివర్టన్ దాకా సుమారు 19 కిలోమీటర్ల రాట్లర్ ట్రైల్ కూడా ఉంది. అటు ద్రాక్ష పలచబడి గోధుమ చేలు మొదలవుతాయి, వాలు మాత్రం రైలు నాటిదే.