ఆకలి లెక్కల నుంచి నడుము కొలత దాకా

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టిందే ఆకలి జబ్బుల కోసం. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద ఒక గదిలో పని మొదలుపెట్టారు. 1958లో అది హైదరాబాద్‌కు తరలింది, 1969లో ఇప్పటి పేరు వచ్చింది. జొన్న తినే పేదలకు వచ్చే పెల్లాగ్రా, పసిపిల్లల క్వాషియోర్కర్, విటమిన్-ఎ అందక పోయే చూపు: చాలాకాలం అక్కడి పరిశోధనంతా వీటి చుట్టూనే సాగింది.

అదే సంస్థ తర్వాత పల్లెజనాన్ని డెక్సా స్కానర్ కింద పడుకోబెట్టి, ఒంట్లో కొవ్వెంతో, ఎక్కడుందో కొలిచింది.

దీనికి మూలం 1987లో ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లను ఎంచుకున్నారు. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా వండిపెట్టారు. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. 1990 దాకా సాగిన ఆ ప్రయత్నంలో అప్పట్లో చూసింది పుట్టిన బిడ్డల బరువునే. 2003-05లో పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లేసరికి ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లలకంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు పెరిగారు. ఒంటి కొవ్వులో తేడా లేదు. ఇన్సులిన్ నిరోధకత మాత్రం వాళ్లలో దాదాపు 20 శాతం తక్కువ. 2008లో ఈ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి.

కొవ్వు ఎంతన్నదానికంటే ఎక్కడన్నదే ముఖ్యమని ఫ్రెంచి వైద్యుడు జాన్ వాగ్ 1947లోనే గుర్తించారు. తొడల్లో, పిరుదుల్లో చర్మం కింద చేరే కొవ్వు అంత చేటు చేయదు. పేగుల చుట్టూ చేరినదాని సంగతి వేరు. అందులోంచి వెలువడే కొవ్వు ఆమ్లాలు పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికి చేరతాయి. చర్మం కింద చోటు చాలనివాళ్లకు మిగులు కొవ్వు కాలేయంలోనూ పేరుకుంటుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో తమ ఫొటోనే లాన్సెట్‌లో అచ్చువేయించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు సూచీ, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. సన్నగా, తక్కువ బరువుతో పుట్టే మన పిల్లల్లో కండ తక్కువైనా కొవ్వు తగ్గదని యాజ్ఞిక్ బృందం అప్పటికే చూపించింది. తల్లి కడుపులో ఉన్నప్పటి కొరతకు, నడివయసు బొజ్జకు సంబంధం ఉందన్న వాదనకు అది బలమిచ్చింది.

ఇక నగరం సంగతి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంది. గంటల తరబడి కుర్చీలో కూర్చోవడం, రాత్రి షిఫ్టులు, వేళాపాళా లేని తిండి వాళ్ల దినచర్యలో భాగం.

కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో ఫ్యాటీ లివర్‌ను జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో చేర్చింది. ఆశా కార్యకర్త ఇప్పుడు 30 ఏళ్లు దాటినవాళ్ల ఇళ్లకు టేపు పట్టుకెళ్తుంది. మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 80 దాటితే ఆమె ఫారంలో మార్కు పడుతుంది. పొగాకు, మద్యం, వ్యాయామం వంటి ప్రశ్నలతో కలిపి మొత్తం మార్కులు నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపుతుంది.