నిద్రపోయిన కణాలు

1944లో జోసెఫ్ బిగ్గర్ పెన్సిలిన్ కలిపిన స్టెఫిలోకాకస్‌లో కొన్ని కణాలు చావలేదు. వింతేమిటంటే, వాటి సంతానం మళ్ళీ అదే మందుకి చచ్చింది! అంటే మందుని తట్టుకునే గుణమేదీ రాలేదు. అవి విభజన ఆపి నిద్రలో ఉంటాయని ఆయన ఊహ. ‘పర్సిస్టర్లు’ అన్నాడు. తగ్గిందనుకున్న ఇన్ఫెక్షన్ తిరగబెట్టడానికి ఇవీ ఒక కారణమని ఇప్పటి అనుమానం. కానీ రుజువెలా? ఏ కణం మిగులుతుందో మిగతావన్నీ పోయాక గానీ తెలియదు కదా.

అరవై ఏళ్ళు పట్టింది. 2004లో నథాలీ బలబాన్ బృందం సిలికాన్ రబ్బరులో సన్నటి గాడులు అచ్చుపోసి, ఈ.కోలై కణాలని వాటిలో వరసగా ఇరికించింది. (పర్సిస్టర్లు ఎక్కువుండే మ్యుటెంట్లని ఏరుకున్నారు, తెలివైన పనే.) ఫోటోలు తీస్తూ ఆంపిసిలిన్ పంపారు. నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి పని: సీసీటీవీ చూసినట్టు ఫోటోలు వెనక్కి తిప్పారు. బతికినవి మందు రాకముందే దాదాపు పెరగకుండా కూర్చున్నాయి.