పల్లవి లేని పాట

మనకు పాట యనగానే ముందు పల్లవి జ్ఞప్తికి వచ్చును. గాయకుడు చరణములలో నెంత దూరము విహరించినను మరల పల్లవికే వచ్చి చేరును. సంతకు బోయినవాడు ప్రొద్దుగ్రుంకు వేళకు ఇల్లు చేరినట్లు, వినువాని మనస్సు పల్లవికడ విశ్రాంతి గొనును. అట్టి సంప్రదాయమున బెరిగిన నేను, పల్లవియే లేని యొక పాటను గూర్చి, అందును సముద్రముల కావల నున్న స్వీడను దేశస్థుల పాటను గూర్చి, ఈ సాయంకాలము మీతో ప్రసంగింప దలచితిని. ముప్పదియైదేండ్లు పిల్లలకు పద్యములు చెప్పిన ముసలి పంతులునకు ఈ పాటతో నేమి పని యని మీలో గొందరు నవ్వవచ్చును. మంచి వస్తువు ఏ దేశమున బుట్టినను మంచిదే. లోకము దానిని సరిగా జూడక ప్రక్కకు ద్రోసినచో, అట్లేల త్రోసెనో విచారించుట చరిత్ర చదువువాని ధర్మము.

ఆ పాట పేరు 'ది డే బిఫోర్ యూ కేమ్'. మన భాషలో 'నీవు వచ్చుటకు ముందునాడు' అని చెప్పవచ్చును. దానిని బాడినది 'అబ్బా' యను బృందము. ఇది మన యాశ్చర్యార్థకము గాదు. ఆగ్నేథా, బ్యోర్న్, బెన్నీ, ఆన్నిఫ్రిద్ అను నలువురి పేరులలోని మొదటి యక్షరములను ఇంగ్లీషు లిపిలో వరుసగా జేర్చి కట్టిన పేరు. అందు స్త్రీ లిరువురు ముఖ్యగాయనులు. పురుషు లిరువురు పాటలు గట్టువారు, వాద్యములు వాయించువారు. బ్యోర్న్ ఆగ్నేథాలు దంపతులు. బెన్నీ ఆన్నిఫ్రిద్‌లు తరువాత దంపతులైరి.

1974 ఏప్రిల్ 6వ తేదీని ఇంగ్లండులోని బ్రైటన్ నగరమున యూరోవిజన్ అను పాటల పోటీ జరిగెను. అందు వీరు 'వాటర్లూ' యను పాటతో గెలుపొందిరి. అది మొదలు 1980 వరకు బ్రిటనులో వీరి పాటలు తొమ్మిది అమ్మకముల పట్టికలో ప్రథమస్థానము నందినవి. 1977లో 'డాన్సింగ్ క్వీన్' అను పాట అమెరికాలోను ఆ స్థానమును బొందెను. పెండ్లిపందిళ్లలో, నృత్యశాలలలో, వేడుక యున్నచోట నెల్ల వీరి పాట వినబడుచుండెను. అబ్బా యనగా సంబరము, సంబర మనగా అబ్బా యని లోకము నిశ్చయించుకొనెను. ఈ నిశ్చయమే తరువాత వీరికి గొంత చెఱుపు జేసినదని నా యభిప్రాయము.

సంబరము పాటలలో సాగుచుండగనే గృహములలో దీపములు మలిగినవి. బ్యోర్న్ ఆగ్నేథాలు విడిపోవుచున్నట్లు 1979 మొదట లోకమునకు దెలిసెను. 1980లో వారి వివాహబంధము తెగిపోయెను. 1981లో రెండవ జంటయు విడిపోయెను. 1980 మార్చిలో జపాను దేశమున జేసిన కచేరీలే వారి కడపటి యాత్ర యయ్యెను. అయినను నలువురును పని మానలేదు. బంధము తెగినను వృత్తి నిలిచెను. 1981 నవంబరులో 'ది విజిటర్స్' అను పాటల సంపుటిని వెలువరించిరి. అందలి స్వరములలో వెనుకటి యుత్సాహము తగ్గి యొకవిధమగు గాంభీర్యము చోటుచేసికొన్నది.

1982 ఆగస్టులో వారు స్టాక్‌హోము నగరమునందలి తమ పోలార్ స్టూడియోలో మన పాటను ముద్రించిరి. ఆ కాలమున వారు స్టూడియోలో గడపటగా ముద్రించిన పాట యిదియే. వాద్యములు బహు స్వల్పము. బెన్నీ విద్యుత్సాయమున బలుకు మీటల వాద్యమును వాయించెను; తాళమును యంత్రము నడపెను. ఆగ్నేథా ఏకాకినిగా బాడెను. ఆన్నిఫ్రిద్‌కు ఇందు పదములు లేవు; చరణముల నడుమ ఆమె హెచ్చుస్థాయి గొంతు మాటలు లేని యాలాపనగా దూరమునుండి వినవచ్చును. ఆగ్నేథా గదిలో వెలుతురు తగ్గించుకొని పాడినదని ఆ ముద్రణమును నిర్వహించిన మైకేల్ ట్రెటోవ్ తరువాతి కాలమున జ్ఞాపకము చేసికొనెను. పాటలోని మాటలు వ్రాసినవాడు బ్యోర్న్. ఒకప్పటి భర్త వ్రాసిన మాటలను ఒకప్పటి భార్య చీకటిగదిలో బాడినదన్నమాట. అంతమాత్రమున ఇది వారి యింటికథయే యని తీర్మానించుట తగదు. కవి వ్రాసిన దెల్ల కవి బ్రతుకే యైనచో కావ్యమునకును ఉత్తరమునకును భేదమే లేదు.

ఇక పాటలోని విషయము. ఒక స్త్రీ తన యొకనాటి దినచర్యను జెప్పును. ఉదయము ఇల్లు విడుచుట, రైలెక్కుట, వార్తాపత్రిక చదువుట, కచేరిలో కాగితములు చూచుట, తెలిసినవారితో గలిసి మధ్యాహ్నభోజనము, సాయంకాలము మరల రైలు, త్రోవలో గొన్న చీనా వంట, టెలివిజనులో నొక కథ, నిద్రకు ముందు పుస్తకము, ఇంటికప్పుపై వానచప్పుడు. అంతే. ఇట్టివి మూడు చరణములు. ప్రతి చరణమును ఆ పేరుతోనే ముగియును. ఆరు నిమిషములకు గొంచెము తక్కువగా నడచు నీ పాటలో మనస్సు విశ్రమించుటకు పల్లవి లేదు. వచ్చిన యా 'నీవు' ఎవరో, వచ్చినపిదప నేమైనదో ఒక్క మాటయు లేదు.

పట్టణమున జదువుకొనుచున్న మా మనుమడు ఈ పాటను వినిపించి అర్థము చెప్పినప్పుడు నాకు రుచింపలేదు. "ఇదేమిరా, అంగడివాని చిట్టా చదివినట్లున్నది" అంటిని. వాడు చిన్నబుచ్చుకొని ఊరకుండెను.

అయినను ఒక విషయము నా మనస్సును వదలలేదు. ఆ స్త్రీ దేనిని నిశ్చయముగా జెప్పదు. మన భాషలో 'పోయితిని' యన్నచో నిశ్చయము. 'పోయియుందును' అన్నచో ఊహ. ఆమె మాటలన్నియు నించుమించుగా రెండవ తీరున నున్నవి. రైలెక్కియుందును, తినియుందును, నిద్రించియుందును అను ధోరణి. సంస్కృత వ్యాకరణము చదివినవారికి లిట్టు అను లకారము తెలియును. తాను జూడని భూతకాలపు సంగతిని జెప్పుటకు అది యేర్పడినది. తాను జేసిన పనిని దానితో జెప్పుట సామాన్యముగా జెల్లదు; నిద్రలోనో మత్తులోనో చేసిన పనియైనచో మాత్రము చెల్లునని పెద్దలు చెప్పిరి. ఈ స్త్రీ మెలకువలో గడపిన దినమును నిద్రలో గడపినదానివలె జెప్పుచున్నది. తన దినమునకు దానే సాక్షి గాదు.

కొన్నాళ్లకు ఒక రాత్రి నిద్రపట్టక, మా గృహిణి జబ్బుపడిన దినము తలంపునకు వచ్చెను. ఆ దినము నాకు గడియగడియగా జ్ఞప్తియందున్నది. వైద్యుని మాట, వాకిట నిలిచిన బండి, ఎవరు మంచినీళ్లు తెచ్చియిచ్చిరో అదియు దెలియును. దానికి ముందునాడు? బడికి బోయియుందును. సాయంకాలము వచ్చి వీధియరుగుపై గూర్చుండియుందును. ఆమె వడ్డింపగా భుజించియుందును. ఏమి వండినదో, ఏమి మాటలాడుకొంటిమో తెలియదు. ఆమె ఆరోగ్యముతో నాయింట దిరిగిన కడపటి దినము అదియే. దానిని నేను దాచుకొనలేదు. మరునాడు మనుమని బిలిచి ఆ పాటను మరల వినిపింపు మంటిని.

ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరమున నుండి ధ్వని సిద్ధాంతమును స్థాపించెను. పదములు నేరుగా జెప్పునది వాచ్యార్థము. చెప్పక తోపింపజేయునది వ్యంగ్యార్థము. ఒక తెగ వ్యంగ్యమును ఆలంకారికులు గంట మ్రోగినపిదప నిలిచియుండు మ్రోతతో బోల్చిరి. గంటపై దెబ్బ యొకటే. మ్రోత చాలసేపు చెవిలో నుండును. ఈ పాటలో వాచ్యము చిట్టాపద్దు. వ్యంగ్యమో, ఒకరు వచ్చుటచేత ఒక బ్రతుకు రెండుగా చీలిపోయినదని. ఆ మాట ఎక్కడను లేదు. చీలిక యొక యొడ్డు మాత్రమే చూపబడినది.

వచ్చినవాడు ప్రియుడైనచో పాట కింత దుఃఖ మెందుకు? ఈ ప్రశ్నకు వినువారు పలువిధముల సమాధానములు చెప్పిరి. వచ్చి మరల వెడలిపోయె నని కొందరు. వచ్చినది మృత్యువే యని కొందరు. మన భరతముని కరుణమునకును విప్రలంభ శృంగారమునకును నొక భేదము చెప్పెను. ఆశ మిగిలియున్నచో విప్రలంభము. ఆశ నశించినచో కరుణము. ఈ పాట ఆ రెంటి నడిమి గట్టుపై నిలిచియున్నది. ఆమెకు ఆశ యున్నదో లేదో కవి చెప్పడు. చెప్పియుండినచో మనము విని మరచియుందుము.

ఇట్టి పాటను 1982 అక్టోబరులో వెలువరింపగా బ్రిటనులో అది 32వ స్థానమును దాటలేదు. ఐరోపాలో మరికొన్ని దేశములు దానిని మేలుగా నాదరించినవి గాని, ప్రథమస్థానమునకు అలవాటుపడిన వారికి బ్రిటనులో నిది పరాభవమే. ఆ యేటి డిసెంబరు తరువాత నలువురును ఎవరి త్రోవను వారు పోయిరి. 1992లో వారి ప్రసిద్ధగీతములు పందొమ్మిదింటిని 'అబ్బా గోల్డ్' అను పేర సంపుటముగా బ్రకటించినప్పుడు దీనికి అందు జోటు దొరకలేదు. మరుసటి యేట వచ్చిన రెండవ సంపుటములో జేర్చిరి.

కారణము లేమి? పాట దీర్ఘము. పట్టుకొని పాడుకొనుటకు పల్లవి లేదు. ఇవి నిజమైన కారణములే. అయితే 1984లో జరిగిన యొక సంగతి మరియొక కారణమును జూపుచున్నది. బ్లమాంజ్ అను నిద్దరు ఇంగ్లీషు యువకుల బృందము ఇదే పాటను పాడెను. అదియే స్వరము, అదియే నిడివిగల కథ, అదియే పల్లవి లేమి. బ్రిటనులో అది 22వ స్థానమునకు జేరెను. పది మెట్ల భేదముమీద పెద్ద మేడ గట్టరాదు గాని, ఒక్క మాట చెప్పవచ్చును. యంత్రవాద్యముతో నిట్టి విషాదగీతములు పాడు క్రొత్తవారి నోట విన్నప్పుడు జనులు పాటను విన్నారు. అబ్బా నోట విన్నప్పుడు పేరును విన్నారు. ఆ పేరు సంబరమునకు గట్టివేయబడినది. సంబరము లేకపోగా వీరి పని యైపోయినదనుకొనిరి.

ఇచ్చట నొక పాఠాంతరమును గూడ జూడుడు. మూలమున ఆ స్త్రీ రాత్రి చదువు పుస్తకమునకు ఉదాహరణముగా మారిలిన్ ఫ్రెంచ్ అను రచయిత్రి పేరున్నది. ఆమె స్త్రీస్వాతంత్ర్యమును గూర్చి నవలలు వ్రాసిన యమెరికా రచయిత్రి. బ్లమాంజ్ వారు ఆ పేరు దీసి, ప్రేమకథలకు ప్రసిద్ధురాలైన బార్బరా కార్ట్‌లండ్ పేరు బెట్టిరి. మార్చినది ఒక్క పేరు. కాని మూలములోని స్త్రీ స్వతంత్రముగ నాలోచించుకొనుచు నొంటరిగ నుండగలిగినది. మార్పులోని స్త్రీ ప్రేమకై యెదురుచూచునది. మొదటిదానిలో నెవరో వచ్చుట ఆమె యనుకొనని సంగతి. రెండవదానిలో గోరుకొన్న సంగతి. ఒక పేరుతో కథ బరువే మారినది. ఆ మొదటి కూర్పులో నెంత యాలోచన యున్నదో దీనివలన దెలియుచున్నది.

కాలము మెల్లగా న్యాయము చేసెను. 2018లో ఈ బృందపు పాటలతో గూర్చిన రెండవ చలనచిత్రము వచ్చినప్పుడు, సుప్రసిద్ధ నటి మెరిల్ స్ట్రీప్ ఈ పాటను బాడగా దానిని చిత్రగీతముల సంపుటిలో జేర్చిరి. 2021 నవంబరు 5వ తేదీని ఆ నలువురును తిరిగి కలిసి 'వాయేజ్' అను క్రొత్త సంపుటిని వెలువరించిరి. నడుమ గడచినవి నలువది యేండ్లు. ఇప్పుడు వెనుకకు దిరిగి చూచువారు 1982 నాటి యా చీకటిగది పాటను వారి యున్నత కృతులలో నొకటిగా నెంచుచున్నారు.

శ్రోతలారా! ఆ పాట పాడునాటికి ఆగ్నేథాకు ముప్పదిరెండేండ్లు. తక్కినవారికి నలువది నిండలేదు. అయినను లోకము వారిని ముసలివారుగా లెక్కించెను. మన గ్రామములలో నెందరిని మన మట్లు లెక్కింపలేదు? ఒకని యౌవనములో విన్న హరికథనే తలచుకొనుచు, అతడు ముదిమియందు మెల్లగా జెప్పినదానిని వినక లేచిపోయినవారము గామా? గొంతు తగ్గిన పిమ్మట, సందడి లేని చోట, మనుష్యుడు తన నిజమైన మాట చెప్పును. ఆ మాటకు పల్లవి యుండకపోవచ్చును. కొంచెము కూర్చుండి వినవలెను.

ఇంకొక మనవి. ఈ రాత్రి మీయింట వడ్డించినవారి ముఖమును ఒకసారి చూడుడు. ఏమి వండిరో జ్ఞాపకముంచుకొనుడు. నేటి దినము దేనికి ముందునాడో మనకు దెలియదు.

సెలవు.