లక్నోలో ముందే ఓడిన యుద్ధం

1960 మార్చి 17న లక్నోలో ఒక యుద్ధం జరిగింది. అందులో సైనికుడెవరూ కదలలేదు, తూటా ఒక్కటీ పేలలేదు. తూర్పు కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఎస్.పి.పి. థోరట్ సేనానులను సమావేశపరచి, ఈశాన్య సరిహద్దు మీద చైనా దండెత్తితే ఏ రోజున ఏమి జరగవచ్చునో పటం మీద నడిపించి చూపారు. ఆ కసరత్తు పేరు ‘లాల్ కిలా’. సైన్యాధిపతి జనరల్ తిమ్మయ్య స్వయంగా దానికి హాజరయ్యారు. చేతనున్న బలగాలతో మెక్‌మహన్ రేఖ పొడవునా నిలబడి పోరాడటం అసాధ్యమని అక్కడ తేలింది.

థోరట్ చెప్పినది నిరాశావాదం కాదు. సరిహద్దు మీద కావలి శిబిరాలను మాత్రమే ఉంచి, అసలు పోరును వెనుక ఉన్న బొమ్‌డీలా వంటి చోట్లకు మరల్చాలన్నది ఆయన ప్రణాళిక. అంతవరకు మన లారీలు చేరగలవు. శత్రువు మాత్రం తిండిని, మందుగుండును కనుమలు దాటించి మోసుకురావాలి. ఈ అంచనాను ఆయన 1959 అక్టోబరులోనే సైనిక ప్రధాన కార్యాలయానికి పంపారు. తిమ్మయ్య దానిని ఆమోదించి రక్షణమంత్రి కృష్ణ మేనన్‌కు చూపారు. చైనాతో యుద్ధం రాదనీ, వచ్చినా దౌత్యరంగంలో తానే ఎదుర్కోగలననీ మేనన్ ఆ కాగితాలను పక్కన పెట్టారని థోరట్ తరువాత రాసుకొన్నారు.

ఆ తరువాతి కథ పాఠకులకు తెలిసినదే. 1961 మే నెలలో తిమ్మయ్య, థోరట్ ఇద్దరూ పదవీ విరమణ చేశారు. అదే ఏడు చివర ‘ముందుకు సాగే విధానం’ పేరిట, సరఫరా అందని గుట్టల మీదకు చిన్న చిన్న శిబిరాలను పంపారు. 1962 అక్టోబరు 20 తెల్లవారుజామున నామ్‌కా చూ ఒడ్డున 7వ బ్రిగేడ్ ఛిన్నాభిన్నమైంది. నవంబరు 18, 19 తేదీల నాటికి సేలా, బొమ్‌డీలా చేజారాయి. పరాజయం తరువాత నెహ్రూ థోరట్‌ను పిలిపించి, ఈ నివేదికను తనకు ఎందుకు చూపలేదని అడిగారట. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది మేనన్ అని థోరట్ సమాధానం. అప్పటికి మేనన్ మంత్రివర్గం నుంచి వెళ్లిపోయారు.

రాజకీయాలు రాసుకొనే నావంటివాడికి ఈ ఉదంతంలో ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అన్నదానికన్నా మరొక సంగతి ముఖ్యంగా తోస్తుంది. ఒక దేశం తన ఓటమిని రెండున్నరేళ్ల ముందుగా పటం మీద చూసింది. చూసినవారు కొద్దిమంది. వారిలో నిర్ణయం చేయగలవారు ఇంకా కొద్దిమంది. పార్లమెంటుకు, పత్రికలకు, ప్రజలకు ఆ పటం ఊసే లేదు.

పటం మీద యుద్ధం చేసే ఈ పద్ధతికి వయసు తక్కువేమీ కాదు. 1780లో బ్రున్స్‌విక్‌లో హెల్‌విగ్ అనే జర్మన్ పండితుడు చదరంగాన్నే విస్తరించి, కొండలు, నదులు ఉన్న యుద్ధక్రీడగా మలిచాడు. 1824లో ప్రష్యా సైన్యంలోని లెఫ్టినెంట్ రైస్‌విట్జ్ ఆ గళ్లను తీసివేసి నిజమైన పటాన్నే బల్లమీద పరిచాడు. ఒక్కొక్క ఎత్తు విలువ 2 నిమిషాల యుద్ధకాలం. ఎవరికి ఏమి కనబడుతుందో, ఎవరు ఎంత నష్టపోయారో పాచిక సాయంతో నిర్ణయించేది మధ్యవర్తి. చదరంగంలో ఇరువైపులా సమానబలం. నిజమైన యుద్ధం అలా ఉండదు. ఆ మాటకొస్తే మన గుడి అరుగుల మీద గీసి కనిపించే పులి–మేక ఆటే యుద్ధానికి దగ్గర: 3 పులులు, 15 మేకలు, ఇద్దరి బలం వేరు, ఇద్దరి గెలుపు వేరు.

సేనానుల గదుల నుంచి ఈ ఆట సామాన్యుడి బల్లమీదకు వచ్చినది అమెరికాలో. 1954లో చార్లెస్ రాబర్ట్స్ ‘టాక్టిక్స్’ అనే ఆటను అమ్మకానికి పెట్టాడు. 1958లో అవలాన్ హిల్ సంస్థను నెలకొల్పాడు. కొద్దికాలంలోనే ఈ ఆటల రూపం స్థిరపడింది: తేనెపట్టు వంటి ఆరుమూలల గళ్లతో పటం, దాడిబలం, కదలిక అంకెలుగా అచ్చువేసిన అట్టముక్కలు, ఇరుపక్షాల బలాల నిష్పత్తిని, పాచిక అంకెను కలిపి చూసుకొనే ఫలితాల పట్టిక. మొదట ఎక్కువగా జరిగిపోయిన యుద్ధాలు. తరువాత జేమ్స్ డనిగన్ వంటి రూపకర్తలు జరగని యుద్ధాలను కూడా బల్లమీదకు తెచ్చారు.

వాటిలో 1977లో వచ్చిన ‘ఫుల్దా గ్యాప్’ కథ చెప్పుకోదగినది. తూర్పు జర్మనీ సరిహద్దు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వైపు సాగే పల్లపు దారి పేరు అది. సోవియట్ ట్యాంకులు వస్తే ఆ దారినే రావచ్చునని నాటో అంచనా. ఆటలో అణ్వాయుధాలకు, రసాయన ఆయుధాలకు నియమాలున్నాయి. అమెరికాలోని ఆటగాడికి అవి కొన్ని పేరాల నిబంధనలు. 1980ల తొలినాళ్లలో ఆ పెట్టె ఫుల్దా ప్రాంతపు జర్మన్ల కంటబడింది. తమ ఊళ్లు, తమ చర్చిలు, తమ పిల్లలు చదివే బడులు ఉన్న గడ్డ రెండు కూటముల రణభూమిగా అచ్చయి, దుకాణంలో అమ్ముడవుతోంది! తమ రక్షణ కోసమని చెప్పే ప్రణాళికల్లో తమ ఊరికి మిగిలేది బూడిదేనన్న సంగతి వారికి ఏ మంత్రి ప్రసంగమూ ఇంత సూటిగా చెప్పలేదు. అక్కడి శాంతి ఉద్యమం ఆ ఆటనే సాక్ష్యంగా జనం ముందు పెట్టింది.

ఇటువంటి ఆటలను ప్రభుత్వాలు చిన్నచూపు చూశాయనుకోవద్దు. 1983లో మార్క్ హెర్మన్ రూపొందించిన ‘గల్ఫ్ స్ట్రైక్’ కూడా బజారులో దొరికే పెట్టె ఆటే. 1990 ఆగస్టు 2న సద్దాం సేనలు కువైట్‌లోకి చొచ్చుకువచ్చిన నాడు పెంటగాన్ అధికారులు హెర్మన్‌ను పిలిపించుకొని, అదే ఆటతో మొదటి అంచనాలు వేసుకొన్నారు.

అయితే ఆట నిజం చెప్పినా, ఆ నిజాన్ని మార్చివేసే చేయి ఎప్పుడూ ఉంటుంది. 1942 మే నెలలో జపాన్ నౌకాదళం యమాతో నౌక మీద మిడ్వే దాడిని ముందుగా ఆడి చూసుకొంది. పాచిక ప్రకారం జపాన్ విమానవాహక నౌకలకు 9 దెబ్బలు తగిలి, అకాగీ, కాగా మునిగాయి. అడ్మిరల్ ఉగాకీ జోక్యం చేసుకొని దెబ్బలను 3కు తగ్గించాడు, అకాగీ బతికింది. మునిగిన కాగా కూడా తరువాతి అంకంలో మళ్లీ తేలింది. ఆ పై నెల మిడ్వే వద్ద ఆ రెండింటితో పాటు మరి రెండు వాహక నౌకలు నిజంగానే మునిగాయి. ఉగాకీ పాచికను సవరించాడు. మేనన్ కాగితాన్ని పక్కన పెట్టారు. మూసిన గదిలో రెండూ సులభమే.

వాషింగ్టన్‌లోని సీఎస్ఐఎస్ పరిశోధన సంస్థ 2023 జనవరిలో చేసిన పని ఈ కోణంలో గమనించదగినది. 2026లో చైనా తైవాన్‌ను ఆక్రమించబోతే ఏమవుతుందో 24 సార్లు ఆడి, నష్టాలతో సహా బహిరంగంగా ప్రచురించారు. చాలావరకు చైనా విఫలమైంది. కాని అమెరికా డజన్లకొద్దీ నౌకలను, వందల విమానాలను కోల్పోయింది. ఆ అంచనాలను తప్పుపట్టినవారూ ఉన్నారు. తప్పుపట్టడానికైనా అవి వారి కళ్లముందు ఉన్నాయి.

మన సంగతికి వద్దాం. భారత–పాకిస్తాన్ల మధ్య రాబోయే యుద్ధాన్ని ఊహించే పెట్టె ఆట ఒకటి 2015లో వచ్చింది. మిచెల్ లాండ్ రూపొందించగా అమెరికాలోని జీఎంటీ గేమ్స్ ప్రచురించింది. కశ్మీర్, పంజాబ్ ప్రాంతాలు దాని రణక్షేత్రం. అణ్వాయుధాల నియమాలు అందులోనూ ఉన్నాయి. ఫుల్దా జర్మన్లకు కలిగిన ఉలికిపాటు అమృత్‌సర్‌లో గాని, లాహోర్‌లో గాని ఎవరికైనా కలిగిందా? నాకు కనబడలేదు. ఉపఖండంలో ఆ ఆట పేరు విన్నవారే అరుదు.

మనకు ఉన్న యుద్ధపటం టీవీ తెర. 2025 మే నెలలో నాలుగు రోజుల ఘర్షణ వేళ కొన్ని చానళ్లు సైరన్ల మోత మధ్య కరాచీ ఓడరేవు ధ్వంసమైందని ప్రకటించాయి. మరునాడు ఓడరేవు యథాతథంగా ఉంది. పెట్టె ఆటలో ఎదుటి కుర్చీలో ప్రత్యర్థి కూర్చుంటాడు. మన ఎత్తుకు అతడి పైఎత్తు ఉంటుంది, మన ట్యాంకు ముందుకు పోవాలంటే ఇంధనం లెక్క చూడాలి. స్టూడియోలో ఆ కుర్చీ ఖాళీ. అక్కడ మనం ఓడిపోవడమన్నది ఎన్నడూ జరగదు.

ఇక ఓటమి కాగితాల విషయం. 1962 పరాజయంపై లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ ఇచ్చిన నివేదిక 1963 నుంచి తాళం కింద ఉంది. 2010లో ఎ.కె. ఆంటోనీ దానిని విడుదల చేయలేమన్నారు. 2014 మార్చిలో ప్రతిపక్షంలో ఉన్న అరుణ్ జైట్లీ ఇంకా ఎంతకాలం ఈ రహస్యమని ప్రశ్నించారు. అదే ఏడు జులైలో రక్షణమంత్రి హోదాలో, విడుదల దేశ ప్రయోజనాలకు తగదని ఆయనే రాజ్యసభకు తెలిపారు. లాల్ కిలా గురించి ఈపాటి సంగతులు మనకు తెలిశాయంటే, అది ఏ ప్రభుత్వమూ చెప్పినందువల్ల కాదు. పదవి దిగిన పాతికేళ్లకు థోరట్ తన ఆత్మకథను అచ్చువేయించారు.