మగ్గం మూల, పెట్టె మూల: మన ఇళ్ళలో బట్టలు దాచుకున్న చరిత్ర

చరిత్ర అంటే రాయవేలూరు కోట, పాలారు ఒడ్డున జరిగిన యుద్ధాలు అనుకుంటాం. అవి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మన ఇంటి బట్టలపెట్టెకు కూడా ఒక చరిత్ర ఉంది. అది మనం రాయకపోతే ఎవరూ రాయరు. అందుకని మేము ఆ పెట్టె గురించే రాస్తున్నాం.

విజయనగరం కాలంలోనూ ఆ తర్వాతా తెలుగు నేతవాళ్ళు ఈ సీమకు వచ్చి నిలబడ్డారు. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయ్యేదాకా అటు చంద్రగిరి, ఇటు వేలూరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాడు జిల్లాలోనే ఉండేవి. గీత గీసినాక మన చుట్టాలు అటు కొందరు, ఇటు కొందరు అయ్యారు. ఇళ్ళు మాత్రం రెండు పక్కలా ఒకటే మాదిరి. వాకిలి దాటగానే గుంట మగ్గం. వెలుతురు వచ్చే చోటు మగ్గానికి, మిగిలిన చోటు మనుషులకు. బట్టలకు చోటు అన్నింటికన్నా కడపట.

గోడలో ఒక గూడు, పైన అటక, దూలానికి తాళ్ళతో కట్టిన వెదురు దండెం, మూలన ఒక కొయ్యపెట్టె లేక రేకు ట్రంకుపెట్టె. ఇంతే మన బీరువా. రోజూ కట్టేవి దండెం మీద. మడిబట్ట వేరే దండెం మీద, పిల్లల చేతికి అందకుండా కర్రతో ఎక్కించేది. పెళ్ళిపట్టు, పండుగ పంచె పెట్టె అడుగున. పాతచీరలు బొంతకు, ఉయ్యాలకు, చివరికి మగ్గం తుడిచే గుడ్డకు. పారేసే బట్ట అనేది మన ఇళ్ళలో లేదు.

చోటు తక్కువైనా ఇరుకు అనిపించకపోవడానికి కారణం ఏమంటే, బట్టలే తక్కువ. ఉగాదికో పొంగలికో ఒకటి, దీపావళికి ఒకటి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ రెండూ కష్టమైనాయి. 1943లో ప్రభుత్వం నూలుకూ బట్టకూ కంట్రోలు పెట్టింది. కొనేవాళ్ళకు బట్ట కరువు, మనకు నూలు కరువు. నేసేవాడి ఇంట్లోనే కట్టుకోను బట్ట లేని కాలం అది.

కాలానికి తగ్గట్టు బట్ట మార్చడం పెద్దలకు బాగా తెలుసు. వేలూరు ఎండ సంగతి చెప్పనక్కర లేదు. చిత్తిరై వస్తే తెల్ల పంచె, పలుచని నూలుచీర, భుజాన తుండు బయటికి వచ్చేవి. దుప్పట్లు ఉతికి అటక ఎక్కేవి. ఆడిలో పెళ్ళిళ్ళు ఉండవు కదా, అప్పుడు పట్టు తీసి నీడలో గాలికి ఆరేసేవాళ్ళు. ఐప్పసి, కార్తీక వానలకు ముందే పెట్టెను నేల మీదినుంచి ఎత్తి ఇటుకల మీద పెట్టేవాళ్ళు. మార్గళి చలికి దుప్పట్లు మళ్ళీ దిగేవి.

కానీ మన ఇళ్ళలో ఇంకో మార్పు కూడా ఉండేది. అది ఎవరూ పైకి చెప్పుకోరు. వానాకాలం వస్తే వీధిలో పడుగు సాచి గంజి పెట్టడానికి వీలు కాదు. గుంటలో నీళ్ళు ఊరతాయి. పని నిలిచిపోతుంది, కూలి నిలిచిపోతుంది. సరిగ్గా అప్పుడే దీపావళి. ఇత్తడి బిందె, వెండి గొలుసు తాకట్టు అంగడికి పోయేవి. అవీ చాలకపోతే పాత జరీచీర. వీధిలో “పాత జరీ కొంటాం” అని అరుస్తూ వచ్చేవాడికి అమ్మేవాళ్ళు. వాడు చీరను కాల్చి వెండి తీసుకునేవాడు. అవ్వ పెళ్ళిచీర అంచు, దానిలోని బుటా, ఆ రంగుల కలయిక అన్నీ బూడిద. పెట్టె ఖాళీ అయితే బట్ట ఒక్కటే పోదు, నేత కూడా మరిచిపోతాం.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని అనకూడదు. 1935లో మద్రాసు రాష్ట్రానికి చేనేత సహకార సంఘాల పెద్ద సంఘం పుట్టింది. దాన్నే ఇప్పుడు కోఆప్టెక్స్ అంటున్నాం. రాజాజీ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పంచె, చీర మగ్గానికే వదలాలని గట్టిగా అడిగాడు. 1953లో మిల్లుబట్ట మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో చేనేతకు రిబేటు ఇచ్చారు. 1954లో గుడియాత్తం నుంచే గెలిచి కామరాజు శాసనసభకు పోయాడు. 1983లో ఎం.జి.ఆర్. పొంగలికి పేదలకు ఉచితంగా పంచె, చీర ఇచ్చే పథకం పెట్టాడు. ఆ పనిలో ఎక్కువ భాగం తర్వాత పవర్‌లూమ్‌కు పోయింది. 1985 చట్టంలో మొదట 22 రకాలు చేనేతకే అన్నారు, తర్వాత 11కు తగ్గించారు. చీర, పంచె, తుండు, కైలీ ఇంకా ఆ జాబితాలో ఉన్నాయి. అంగడిలో ఏది ఎక్కువగా ఉందో మీకందరికీ తెలుసు.

అంతలో టెర్లిన్, పాలియెస్టర్ వచ్చాయి. గంజి అక్కరలేదు, వానలో కూడా తొందరగా ఆరుతుంది, వెల తక్కువ. మన ఆడవాళ్ళు అవి కట్టారని తప్పు పట్టలేం. పగలంతా నూలు నేసి, సాయంత్రానికి పాలియెస్టర్ కట్టడం కూలి డబ్బు చేసిన పని. బట్టలు ఎక్కువైనాయి, ట్రంకుపెట్టె చాలలేదు, ఇనుప బీరువా వచ్చింది. దానికి చోటు ఎక్కడిది? చాలా ఇళ్ళలో గుంట పూడ్చి, సిమెంటు పోసి, మగ్గం ఉన్న చోటే బీరువా నిలబెట్టారు. సత్తువాచారి 2011లో వేలూరు కార్పొరేషన్‌లో కలిసింది. అద్దె ఇళ్ళలో ఇప్పుడు మగ్గానికి చోటు అడగడమే కష్టం.

బట్టలపెట్టె గౌరవం పరదేశంలో కూడా ఉంది. నైజీరియాలో నది సముద్రంలో కలిసే చోట కలబారి అనే జాతివాళ్ళు ఉన్నారు. మన మద్రాసు గళ్ళ బట్టను వాళ్ళు ఇంజిరి అంటారు. పెద్దల బట్టలు పెట్టెల్లో తరతరాలుగా దాచి, ఇంట్లో పెద్దవాళ్ళు పోయినప్పుడు వాటితోనే మంచం అలంకరిస్తారు. ఇక్కడివాళ్ళు నేసిన బట్ట అక్కడ వంశం ఆస్తి. నేసిన ఇంట్లో ఒక ముక్క లేదు.

సొసైటీ గోడౌను కూడా ఒక పెద్ద బీరువానే. అక్కడ నేర్చిన మాటలు ఇంటికీ పనికొస్తాయి. ముందు వచ్చింది ముందు బయటికి పోవాలి. అడుగున పడిన బట్ట మడత దగ్గర చీలుతుంది. గంజి ఉన్న బట్ట దాచకూడదు, గంజికి పురుగు వస్తుంది. ఉతికి, బాగా ఆరినాకే పెట్టాలి. రంగు దిగే కైలీ తెల్లపంచె పక్కన వద్దు. పట్టును పాత నూలుగుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకు ఒకసారి మడత మార్చాలి. నాఫ్తలిన్ గోలీ జరీకి తగలకూడదు, నల్లబడుతుంది. ఎండిన వేపాకో వసకొమ్మో గుడ్డలో మూటకట్టి పెడితే చాలు. ఇనుము తుప్పు బట్టకు అంటకుండా అడుగున ఒక గుడ్డ పరచాలి.

ఇక చోటు సంగతి. బీరువాలో నాలుగు అరలు ఉంటే ఈ కాలానికి కట్టేవి కంటికి ఎదురుగా, రాబోయే కాలానివి కింద, పోయిన కాలానివి పైన. రెండు ఎండాకాలాలు కట్టని బట్ట ఇంకొకరికి ఇచ్చేయండి. అలా ఖాళీ చేసిన చోటులో ఎండాకాలానికి ఒక నూలుచీర, ఒక కైలీ మన మగ్గానివి ఉండనివ్వండి. ఎండ నెలల్లో నూలు అమ్ముడుపోతేనే వాన నెలల్లో సొసైటీ చేతిలో కూలికి డబ్బు ఉంటుంది. లెక్క అంత దగ్గరగా ఉంది.

చివరగా మా విన్నపం ఒకటి. మీ పెట్టెలో అవ్వది, తాతది నేసిన బట్ట ఒక్కటైనా ఉంటే జరీవాడికి ఇచ్చే ముందు ఆగండి. అంచు, బుటా, పైట మూడూ ఫోటో తీయండి. ఎవరు నేశారు, ఏ ఊరు, ఏ నంబరు నూలు, ఎవరి పెళ్ళికి అని ఒక కాగితం మీద రాసి మడతలో పెట్టండి. ఒక కాపీ సంఘానికి పంపండి. చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళను ఈ పొంగలిలోపలే అడగండి.